గోడమీది కవరు

ఆదివారం పొద్దున శైలేందర్ పేపరు చదివే వేళకు వినోద బాత్రూంలో చిన్న పీట వేసుకుని కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో టైల్స్ మధ్య గీతలు తోముతూ ఉంటుంది. కామారెడ్డిలో వాళ్ళ కాలనీ బోరు నీళ్ళకు ఆ సిమెంటు గీతలు వారం తిరక్కుండానే నల్లబడతాయి. ఎంత తోమినా పూర్తిగా తెల్లబడవు. రెండు మూడు చోట్ల గీత ఊడిపోయి, అక్కడినుంచి నీళ్ళు గోడలోకి దిగి, అవతలి పడకగదిలో రంగు పొక్కులుగా లేచింది. ఆ పొక్కులకు అడ్డంగా ఇనుప బీరువా జరిపించింది వినోద. చుట్టాలు వస్తే ఆ గది తలుపు దగ్గరగా వేసి ఉంచుతుంది.

"చేయిద్దాం తియ్యి," అంటాడు శైలేందర్. అతను కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. ఆఫీసుకు వచ్చినవాళ్ళకు కూడా ఇదే మాట చెప్పి పంపిస్తాడేమోనని వినోదకు అనుమానం.

ఆ ఆదివారం బ్రష్ చేతిలో ఉండగానే ఫోను మోగింది. ఎల్లారెడ్డి నుంచి తోడికోడలు హారిక.

"అక్కా, మా బాత్రూం అయిపోయింది."

"ఏం బాత్రూం?"

"నీకు జెప్పలే గదా. పాత టైల్స్ మీదికెల్లి ప్యానెల్స్ ఏయించినం. నీళ్ళు పట్టనియట. మీ మరిది దుబాయి నుంచి ఫోటో పంపి, గివే ఎయ్యాలె అన్నడు. సీలింగ్ ఏసే సుందర్ వచ్చి రెండొద్దుల్ల చేసిపోయిండు. పలగ్గొట్టుడు లేదు, దుమ్ము లేదు. నువ్వొకసారి వచ్చి చూడు. నువ్వు చూసి బాగున్నదంటేనే నాకు నిమ్మళం."

వస్తానని చెప్పి వినోద ఫోను పెట్టేసింది. తోమాల్సిన గోడ ఇంకా సగం మిగిలి ఉంది. ఆ రోజుకు తోమబుద్ధి కాలేదు.

వాళ్ళ ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ముందు వినోదను అడగడం అలవాటు. డిగ్రీ చదివిందని మాత్రమే కాదు, ఏ వస్తువునైనా ఆమె రెండుసార్లు చూస్తుంది. శుభలేఖలో తప్పు పడ్డ వారం, సున్నం వేసినవాడు వదిలేసిన మూల, వంకరగా బిగించిన తలుపు గొళ్ళెం ముందుగా ఆమె కంటికే పడతాయి. హారిక అయితే దిండు గలీబు కొనాలన్నా దుకాణంలోనుంచే ఫోటో పెట్టి, "అక్కా, ఇది బాగుంటదా?" అని అడిగేది. ఇంత పెద్ద పని మాత్రం అడగకుండా అయిపోయింది.

బుధవారం వినోద ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుని ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. లింగంపేట దాటాక రెండువైపులా నాట్లు పడుతున్నాయి. ప్లాస్టిక్ ఎంత చేసినా ప్లాస్టిక్‌లాగే కనిపిస్తుందని దారిపొడుగునా అనుకుంది. దిగేసరికి ఆ మాట దాదాపు నిజమని నమ్మింది.

హారిక బాత్రూం తలుపు తీసి లైటు వేసింది.

నేలనుంచి పైకప్పు దాకా తెల్లటి పలకలు. వాటిమీద బూడిదరంగు జీరలు సన్నగా పాకి ఉన్నాయి. పలకకూ పలకకూ మధ్య అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. చిన్న బాత్రూమే, కానీ గోడలు అవతలికి జరిగి వెడల్పైనట్టు కనిపించింది. తోమడానికి ఒక్క గీత లేదు. వినోదకు ముందు అదే తట్టింది. ఇక హారికకు ఆదివారాలు ఖాళీ.

"కవరు ఇంక తీయలే అక్కా," అంది హారిక. అప్పుడు చూసింది వినోద. పలకలమీద పారదర్శకంగా పల్చటి కవరు అంటుకుని ఉంది. దానిమీద కంపెనీ పేరు నీలం అక్షరాల్లో ఏటవాలుగా ఉంది. "సుందర్ తీసేస్తనన్నడు. నేనే వద్దన్న. ఆయన వచ్చినంక ఆయనతోనే తీయిస్త. శ్రావణంల వస్తుండు గదా."

ఆ ఇంట్లో కవరు తీయని వస్తువులు ఇంకా ఉన్నాయి. ఫ్రిజ్ తలుపుకు కవరు, సోఫాకు కవరు, టీవీ మూలకు అంటించిన స్టిక్కరు. కొత్తది కొత్తగా ఉండాలని అత్త అంజవ్వ పట్టుదల.

అంజవ్వ నడవాలో మంచంమీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "నా చిన్నకొడుకు పనిజేసే హోటల్ల గదులన్ని గిట్లనే ఉంటయట," అంది. "గంత దూరం ఉండి గూడ పాణమంత ఇంటిమీదనే. కొందరు ఇంట్లనే ఉంటరు, గోడకు ఒక మేకు కొట్టుమంటె పంచాంగం చూస్తరు."

"మీ పెద్దకొడుకే గదా అత్తమ్మా, మీరు నేర్పిందే," అంది వినోద నవ్వుతూ. అంజవ్వ కూడా నవ్వింది. అయినా అత్త మాట తగలాల్సిన చోట తగిలింది.

హారిక చాయ్ పెట్టడానికి వెళ్ళింది. వినోద బాత్రూంలో ఒక్కతే నిలబడింది. మరిది తన భార్య కోసం దుబాయిలో ఒక గోడ ముందు నిలబడి, ఇది మా ఇంట్లో ఉండాలి అనుకుని, ఫోటో తీసి పంపాడు. వినోదకు గుర్తున్నంతవరకు శైలేందర్ తనకోసం ఏ గోడనూ చూడలేదు.

మూలల్లో, అతుకుల వెంబడి, నీళ్ళు పోకుండా రబ్బరులాంటి తెల్లటి లప్పం పూశాడు సుందర్. తిన్నగా పూశాడు. వినోద వంగి కింది మూల దగ్గర గోరుతో గీకి చూసింది. అక్కడ కవరు అంచు కొంచెం లేచింది. దానితోపాటే లప్పం కూడా లేచింది. దాని కింద పలక అతుకు నల్లగా, తెరుచుకునే ఉంది.

ఆమె ఇంకోసారి చూసింది. కవరు తీయకుండానే, దానిమీదే లప్పం పూశాడతను. లప్పం పట్టుకుంది కవరును, పలకను కాదు. ఇప్పుడు కవరు ఉంది కాబట్టి నీళ్ళు పోవు. కవరు లాగిన రోజు దానితోపాటే లప్పమంతా ఊడి వస్తుంది. వెనక పాత టైల్స్ నిండా పలకలు బిగించడానికి కొట్టిన రంధ్రాలు ఉండే ఉంటాయి. ఆ గోడ అవతల హారిక కుట్టుమిషన్ గది. కింది అరలో పెళ్ళివాళ్ళ జాకెట్లు, మగ్గం పని చేయించినవి, మూటలుగా కట్టి పెడుతుంది.

చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. సుందర్‌ను పిలిచి, ఇప్పుడే కవరు తీయించి, మళ్ళీ లప్పం పూయిస్తే సరిపోతుంది.

వినోద లేచిన అంచును బొటనవేలితో నొక్కింది. మళ్ళీ అంటుకుంది.

"ఎట్లున్నదక్కా?" చాయ్ గ్లాసుతో తలుపు దగ్గర నిలబడింది హారిక.

"బాగుంది."

హారిక ముఖం తేటపడింది. "నువ్వు ఒక్క తప్పన్న తీస్తవనుకున్న. ఇగ నాకు ఫికరు లేదు." అప్పటికప్పుడే దుబాయిలో ఉన్న భర్త సంపత్‌కు వీడియోకాల్ కలిపింది. "అక్క బాగున్నదన్నది."

ఫోనులో సంపత్ ముఖమంతా నవ్వు. "వదిన పాస్ జేసిందా? అయితే ఇగ డోకా లేదు."

తిరుగు బస్సులో వినోద తనకు తాను సమాధానం చెప్పుకుంది. నన్ను అడిగి చేయించుకుని ఉంటే నేను ముందే చెప్పేదాన్ని. కవరు ఉంచుమన్నది నేను కాదు. శ్రావణానికి ఇంకా టైముంది, ఈలోపు చెప్తాను. చివరి మాట నిజంగానే అనుకుంది.

ఆ తర్వాత హారిక చాలాసార్లు ఫోను చేసింది. ఒకసారి సంపత్ కోసం సకినాలు ఎప్పుడు మొదలుపెట్టాలని, ఒకసారి పరదాల రంగు గురించి. ప్రతిసారీ ఆ మాట వినోద నోటిదాకా వచ్చింది. "ఆ బాత్రూం..." అని ఒకసారి మొదలుపెట్టింది కూడా.

"అబ్బ, దాని సంగతి జెప్పకక్కా. మా గల్లీ మొత్తం వచ్చి చూసిపోయింది. మా పక్కింటి భూమక్క అయితే చెప్పులిడిసి లోపలికి పోయింది, గుడికి పోయినట్టు."

వినోద పరదాలకు ఆకుపచ్చ చెప్పి ఫోను పెట్టేసింది.

ఇంట్లో ఇంకో చిక్కు వచ్చింది. తమ్ముడు పంపిన ఫోటోలు చూసీ చూసీ శైలేందర్‌లో ఎన్నడూ లేని కదలిక పుట్టింది. "మనం గూడ గవే ఏయిద్దాం. సుందర్‌నే పిలుద్దాం. నువ్వు చూసినవ్ గదా, పని బాగున్నదన్నవ్."

"వద్దు," అంది వినోద.

"ఏంది వద్దు? రోజు టైల్స్ టైల్స్ అని నా పాణం తీస్తివి."

"టైల్స్ టైల్సే. ఉండనియ్యి."

శైలేందర్ పేపరు దించి ఆమెవైపు చూశాడు. ఎందుకు వద్దో చెప్పాలంటే, అక్కడ ఏం చూసిందో చెప్పాలి. అది చెబితే, అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. వినోద లేచి వంటింట్లోకి వెళ్ళింది.

సంపత్ వచ్చే రోజు శైలేందర్ కారు మాట్లాడుకుని శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వెళ్ళాడు. వినోద పొద్దుటి బస్సుకే బయలుదేరింది. వాళ్ళకంటే ముందు చేరాలి, హారికను పక్కకు పిలిచి చెప్పాలి. ఏం చెప్పాలో కూడా సరిచేసి పెట్టుకుంది. రాత్రి ఎందుకో గుర్తొచ్చింది, కవరు మీద పూసినట్టున్నాడు, ఒకసారి చూపించుకో. ఇందులో అబద్ధం చిన్నది, మేలు పెద్దది అనుకుంది.

లింగంపేట దగ్గర వరినారు ట్రాక్టరు రోడ్డుకు అడ్డంగా దిగబడింది. బస్సు చాలాసేపు ఆగిపోయింది. ఎల్లారెడ్డిలో దిగి ఆటో ఎక్కి ఇంటి ముందుకు చేరేసరికి కారు అప్పటికే గేటు ముందు ఉంది.

లోపలినుంచి సర్రున గుడ్డ చించినట్టు చప్పుడు వినిపించింది. తర్వాత నవ్వులు.

హారిక కూతురు సంజన పరుగెత్తుకుంటూ వచ్చింది. దాని రెండు చేతులకూ తెల్లటి రబ్బరు చుట్టలు, గాజుల్లా. "పెద్దమ్మా, చూడు. గోడకెల్లి వచ్చినయి. ఇంక మస్తున్నయి."

బాత్రూం ముందు కవర్లు కుప్పగా పడి ఉన్నాయి. ప్రతి కవరు అంచునా తెల్లటి లప్పం తాడులా వేలాడుతోంది. అది కూడా ప్యాకింగులో భాగమే అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. పలకలు నిజంగానే నిగనిగలాడుతున్నాయి. సంపత్ లుంగీ పైకి కట్టి, బకెట్‌తో నీళ్ళు గోడకు కొట్టి, కవరు జిగురు కడుగుతున్నాడు.

"రా వదినా," అన్నాడు. "చాయ గూడ తాగలే, దీని పనే పట్టుకున్న. మూలమీది పలక నీకోసం ఇడిసిపెట్టిన. హారిక అన్నది, వదిన చేతితోని తీయించాలెనని."

అందరూ పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు. శైలేందర్ ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. అంజవ్వ చిన్న పీట తెచ్చి కూర్చుంది. వినోద పలక ముందు నిలబడి కవరు మూల పట్టుకుంది. ఒకసారి లాగితే అయిపోతుంది. అందరితోపాటు తనకూ తెలియనట్టే ఉండొచ్చు. రేపో ఎల్లుండో గోడ తడిస్తే సుందర్‌ను తిడతారు.

కొంచెం లాగింది. లప్పం కూడా వచ్చింది. పలక పక్కన నల్లటి సందు కనిపించింది. సంపత్ కొట్టిన నీళ్ళు పక్క పలకమీదినుంచి జారి ఆ సందులోకి పోతున్నాయి.

"నీళ్ళు ఆపు సంపత్," అంది. "దీంట్ల ఎవ్వరు స్నానం చెయ్యొద్దు."

"ఎందుకు?"

ఆమె చూపించింది. కవరుకు అంటుకుని ఉన్న లప్పాన్ని, తెరుచుకున్న సందును, వెనక ఉన్న రంధ్రాల సంగతిని ఒక్కొక్కటిగా చెప్పింది. సంపత్ సందులో వేలు పెట్టి తీశాడు. వేలు తడిగా ఉంది.

"అరె, పూసిందంత కవరు మీదనా," అన్నాడు నెమ్మదిగా. "మేము ఇంతమందిమి పీకినం, ఒక్కనికి గూడ సోయి లేదు. వదిన చెయ్యి పెట్టుడుతోనే పట్టుకున్నది."

"పెద్దదాని కన్ను గట్లుంటది," అంది అంజవ్వ. పెద్దకోడలి గురించి ఆమె నోటినుంచి అలాంటి మాట రావడం అరుదు.

శైలేందర్ వీడియో ఆపాడు. "నా భార్య మరి," అన్నాడు. అందరూ నవ్వారు.

ఇది తను ముందే చూశానని అప్పుడు చెప్పి ఉండాల్సింది. వినోద చెప్పలేదు. హారిక నవ్వలేదు. సంజన చేతికున్న రబ్బరు గాజును ఒకసారి వేలితో తిప్పి చూసి, మిషన్ గదిలోకి వెళ్ళింది. వినోద ఆమె వెనకే వెళ్ళింది.

గది గోడ అడుగున చెమ్మ అప్పుడే చారలా దిగుతోంది. హారిక నేలమీద కూర్చుని కింది అరలోని మూటలు బయటికి తీస్తోంది. ఒక మూట మూల తడిసింది. విప్పి చూసింది. ఎర్ర పట్టు జాకెట్టు లోపలి తెల్లటి అస్తరుకు రంగు అంటింది. బీబీపేట పెళ్ళికూతురిది. లగ్గం దగ్గరికొచ్చింది.

"అస్తరు మార్చొచ్చు," అంది హారిక, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "కుట్లన్ని ఇప్పాలె. ఇప్పుత." తర్వాత తలెత్తకుండానే అడిగింది. "అక్కా, మొన్న నువ్వు ఆ మూలకాడ గోరుతోని గీకి చూసినవ్. నేను చాయ తెస్తుంటె చూసిన."

వినోద గోడమీది చెమ్మ చారను వేలితో తడిమింది.

"అప్పుడే తెలుసా నీకు?"

ముందే సరిచేసి పెట్టుకున్న మాట నాలుకమీదే ఉంది. హారిక చేతిలో ఆ అస్తరు లేకపోతే బహుశా అనేసేది.

"తెలుసు."

"మరి చెప్పకపోతివి."

"నీది బాగుండె హారికా. నాకు అట్లాంటిది లేకపాయె. గందుకే చెప్పలే."

బయట సంపత్ ఎవరికో ఫోనులో జరిగింది చెబుతున్నాడు. వదిన లేకపోతే ఇల్లు తడిసిపోయేదని అంటున్నాడు. హారిక ఆ మాటలు పూర్తయ్యేదాకా విన్నది.

"నువ్వు తప్పు తీసినా నాకు బాధ కాకుండె," అంది. "నువ్వు బాగున్నదన్నవ్. నేను అందరికి గదే చెప్పుకున్న."

తర్వాత, "గా మూట ఇటియ్యి అక్కా, అది గూడ తడుస్తది," అంది. ఇద్దరూ కలిసి మూటలన్నీ అవతలి గదిలోకి మోశారు. హారిక ఆ సంగతి బయట ఎవరితోనూ అనలేదు. భోజనాల దగ్గర అంజవ్వ వినోదకు రెండుసార్లు వడ్డించింది. వినోద తిన్నది.

సుందర్ రావడానికి, లప్పం మళ్ళీ పూసి ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ దుబాయి నుంచి వచ్చిన మనిషి తువ్వాల భుజాన వేసుకుని పక్కింటికి, భూమక్క బాత్రూంకు పోయి స్నానం చేశాడట. హారిక, సంజన, అంజవ్వ కూడా అక్కడికే పోయారట. ఇదంతా అంజవ్వ ఫోనులో చెప్పింది.

శైలేందర్ మాత్రం ఈసారి 'చేయిద్దాం' అనలేదు, చేయించాడు. కామారెడ్డి ఇంట్లో ప్యానెళ్ళు వచ్చాయి. ముందు కవరు తీయించి, పలకలు తుడిపించి, వినోద పక్కనే నిలబడి ప్రతి అతుకునూ వేలితో తడిమి చూసింది. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఫోటో తీసి హారికకు పంపింది. "మస్తున్నదక్కా" అని రాసి, ఒక బొటనవేలు గుర్తు పెట్టింది హారిక. వచ్చి చూస్తానని అనలేదు. ఆదివారాలు ఖాళీ అయ్యాయి. వినోద ఆ వేళకు ఫోను దగ్గర పెట్టుకుని కూర్చునేది.

దసరా ముందు ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. హారిక వంటింటి గోడకు కూడా ప్యానెళ్ళు వేయించింది. లేత ఆకుపచ్చ. పని పూర్తయ్యాకే ఫోటో పెట్టింది. కింద అందరూ పూలు, చప్పట్లు పెడుతున్నారు.

వినోద ఫోటోను పెద్దది చేసి ఎడమనుంచి కుడికి చూసింది. పొయ్యి వెనక పలక మరీ దగ్గరగా ఉంది. పెద్ద గిన్నె పెడితే మంట సెగ తగిలి వంకరపోతుంది. ఈసారి ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు. వెంటనే హారికకు ఫోను చేసింది.

"హారికా, పొయ్యెనక పలక తీయించు. సెగకు వంగుతది. అక్కడొక స్టీలు రేకు ఏయించు."

"ఏయించినం అక్కా. ఫోటో పనయిన నాటిది. మొన్న భూమక్క చూసి గదే చెప్పింది."

"అట్లనా."

"ఆఁ. మిషన్ గదిల గూడ అర పైకి ఏయించుమన్నది. గది గూడ ఏయించిన."

"మంచిగైంది," అంది వినోద. ఫోను పెట్టేయొచ్చు. పెట్టలేదు. "భూమక్క రోజు వస్తదా?"

"పొద్దుగాల్నే వస్తదక్కా. ఇగో, ఇక్కడనే ఉన్నది. పరదాలు మారుద్దామంటున్నది, ఆకుపచ్చ గోడకు ఆకుపచ్చ పరదాలు కలిసిపోతున్నయట. మాట్లాడుతవా?"

వినోద వద్దంది. పొయ్యిమీద పాలు పెట్టి వచ్చానని చెప్పి ఫోను పెట్టేసి, ఆ ఫోటోను మళ్ళీ పెద్దది చేసి, తాను చెప్పిన పరదాలు కనిపిస్తాయేమోనని చూసింది.